అత్యవసర వైద్యము: సేవ వృత్తియైన చరిత్ర

“ఏరు దాటువఱకు ఓడ మల్లన్న, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లన్న” యను సామెతను మనవారు ఏ సందర్భమున కల్పించిరో గాని, ప్రాణాపాయవేళ మనలను కాపాడువారియెడ లోకము చూపు మర్యాదకు అది చక్కగా సరిపోవును. అర్ధరాత్రమున బిడ్డకు ఊపిరాడనపుడు ఆసుపత్రి ద్వారమున ఎదురువచ్చినవాడు మనకు సాక్షాత్తు దేవుడు. నాలుగుదినములు గడచి బిడ్డ లేచి ఆడుకొనునప్పటికి, పైయంతస్తున మందులు వ్రాసిన పెద్ద డాక్టరుగారి పేరు ఇంటిల్లిపాదికిని కంఠస్థమై యుండును. మొదటి గడియలో చేయి యడ్డుపెట్టినవాని పేరు అడుగవలెనని మాత్రము ఎవ్వరికిని తోచదు.

సేవకును వృత్తికిని భేదము కలదు. దయగలవాడెవ్వడైనను సేవ చేయగలడు. వృత్తి యనిపించుకొనుటకు దానికి నేర్వదగిన విద్యయు, ఆ విద్యను పరీక్షించు పెద్దలును, ఇంతవఱకు నీవు స్వతంత్రించి చేయవచ్చునను అధికారమును, కుటుంబము నిలుచునంతటి జీవనమును, ఏండ్లు గడచినకొలది పైకెక్కుటకు మెట్లును ఉండవలెను. పూర్వము మన గ్రామములలో వడ్రంగికిని, కమ్మరికిని, కుమ్మరికిని మాన్యమో, కళ్లమున మేరయో యేర్పఱచిన పెద్దలు ఈ సూక్ష్మము నెఱిగినవారే. ఊరికి కావలసినవాడు ఊరివలన నిలువవలెననునదే ఆ యేర్పాటులోని భావము. దానిని కులమునకు కట్టివైచుట దోషమే. ఆ దోషమును త్రోసివేయుచు భావమునుగూడ త్రోసివేయుట మాత్రము వివేకము కాదు.

అత్యవసర వైద్యమునందు పనిచేయువారు డాక్టరులు గానిండు, నర్సులు గానిండు, అంబులెన్సుబండిలో వచ్చు టెక్నీషియనులు గానిండు, వారితో తీరికగా మాటలాడినచో సంభాషణము తుదకు మూడు ప్రశ్నలకడకే వచ్చి నిలుచును. నా పనికి పేరేమి? నా చేతిని నమ్మి నాకిచ్చిన అధికారమెంత? పదియేండ్లకు నేనెక్కడ నుందును? ఈ మూడును వారి సొంతగోడు మాత్రమే యని మనము ఊరకుండరాదు. ఈ వృత్తియొక్క చరిత్రమంతయు ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే.

ఈ సంగతిని ఊహలోగాక ఒక ఊరిలో నిలిచి చూతము. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు సరిహద్దు పట్టణము. ఆ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా ఇందు కలిసెను. పూనానుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణమునకు పోవు జాతీయ రహదారి, పూర్వము 9వ నంబరుదై ఇప్పుడు 65వ నంబరుదైనది, ఈ పట్టణముమీదుగనే పోవుచున్నది. ట్రాక్టరుల కర్మాగారమునకు వచ్చిపోవు లారీలు, చెఱకుబండ్లు, అల్లపుబస్తాల వాహనములు, రాష్ట్రము దాటి పోవు బస్సులు రాత్రింబగళ్లు ఆ దారినే పోవును. ఊరిలో ప్రభుత్వపు ఏరియా ఆసుపత్రి యున్నది. తలకు బలమైన గాయము తగిలినవానికి కావలసిన శస్త్రవైద్యమునకు మాత్రము సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు పోవలసివచ్చును.

ఆ నూఱు కిలోమీటర్లును ప్రాణము నిలుపువారెవరు? తెలివితప్పి వెల్లకిల పడియున్నవాని నాలుక వెనుకకు జాఱి గాలిదారిని మూయును. దవడను ముందునకెత్తి దారి తెఱచువా డుండవలెను. ప్రాణవాయువు అందనిచో నాలుగైదు నిమిషములలోనే మెదడు చెడనారంభించును. పాఱుచున్న రక్తమును గట్టిగా అదిమిపట్టి ఆపవలెను. మెడయెముక విఱిగియుండునేమో యను శంకతో మెడను కదలనీయక పలకపై చేర్చవలెను. పైగా ఇది తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ నాలుగును వినవచ్చు ప్రాంతము. నొప్పి యెక్కడ, ఏమి తిన్నావు, ఎన్నవ నెల యని రోగి మాటలోనే అడుగవలెను. ఈ పని యంతయు ఊగుచున్న బండిలో, చాలని వెలుతురులో, ఏడ్చుచున్న బంధువుల నడుమ జరుగవలెను. దీనిని కేవలము మోతపనియని తలచువారికి విద్య యన నేమియో తెలియదనవలెను.

ఈ విద్య యెట్లు పుట్టెను? ఐరోపాలో దీనికి మూలపురుషుడుగా డొమినిక్ జాన్ లారీ యను ఫ్రెంచి శస్త్రవైద్యుని చెప్పుదురు. 1790 తరువాతి యుద్ధములలో గాయపడినవారు పోరు ముగియువఱకు రణభూమిపై పడియుండుట చూచి, అతడు తేలికైన గుఱ్ఱపుబండ్లను కల్పించి, వారిని వెంటనే తెచ్చుట నేర్పఱచెను. బండికంటె గొప్పది అతడు పెట్టిన నియమము. సేనానియా, సామాన్యభటుడా యని చూడక, ఎవని గాయము మిక్కిలి ప్రమాదకరమో వానికే మొదటి చికిత్స చేయవలెనని అతడు శాసించెను. నేటికిని ప్రతి ఆసుపత్రిలోను అత్యవసర విభాగపు ద్వారమున నిలిచి ఎవరు ముందు, ఎవరు వెనుక యని నిర్ణయించు నర్సు ఆ నియమమునే పాటించుచున్నది. హోదాను బట్టిగాక ఆపదను బట్టి వరుస కట్టు స్థలము లోకమున మఱియెన్ని కలవో చదువరులే యోచింతురు గాక.

మన హైదరాబాదునకును ఈ చరిత్రమున చోటున్నది. 1866లో అఫ్జల్‌గంజి ఆసుపత్రి యేర్పడెను. నేటి ఉస్మానియా ఆసుపత్రికి అదియే పూర్వరూపము. ఎడ్వర్డు లారీ యను ఆంగ్ల వైద్యుడు నగరమున వైద్యవిద్యాశాలకు అధిపతియై యుండగా, నిజాము ప్రభుత్వపు ధనముతో 1888లోను 1889లోను రెండు క్లోరోఫారము కమిషనులు జరిగెను. మత్తుమందు పుచ్చుకొన్న రోగి హఠాత్తుగా మరణించుటకు మొదట ఆగునది శ్వాసయా, హృదయమా యనునది వివాదము. శ్వాసనే కనిపెట్టవలెనని లారీ పట్టుపట్టెను. రెండవ కమిషనునకు లండనునుండి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. హృదయమును లెక్కింపనక్కఱలేదను వారి తీర్పు నిలువలేదు. తేలికపాటి క్లోరోఫారము మత్తులో హృదయమే గతితప్పి ఆగవచ్చునని 1911లో గుడ్మన్ లెవీ పరిశోధించి చూపెను. అయినను శ్వాసను క్షణక్షణము కనిపెట్టియుండుట వైద్యునికి ముఖ్యధర్మమను పాఠము మిగిలినది. ఆ కాలముననే హైదరాబాదునందు వైద్యవిద్య నభ్యసించిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందిచ్చు విద్యలో నిపుణురాలై, ఆ పనిచేసిన లోకములోని తొలి మహిళలలో ఒకతెగా పేరొందినది. ఆడువారికి ఇట్టి సాహసకార్యము తగదనువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినపుడు, అఫ్జల్‌గంజి ఆసుపత్రి యావరణములోని చింతచెట్టునెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని పూజ్యమై యున్నది. నాటి కష్టమునకు చింతచెట్టు మనకు జ్ఞాపకమున్నది, మంచిదే. ఆపదను ఎదుర్కొనుటకు ముందే సిద్ధపడిన మనుష్యులను తయారుచేయవలెనను తలంపు మాత్రము ఆ తరువాత ఎంతోకాలమునకు గాని రాలేదు.

మత్తుమందిచ్చుట ఒక ప్రత్యేకవృత్తిగా ఎదుగుచుండగా, ఆసుపత్రి ముంగిట ప్రమాదరోగులను చేర్చుకొను గది మాత్రము దిక్కులేనిదై యుండెను. దానిని క్యాజువాలిటీ యనిరి. వంతులవారీగా వచ్చిపోవు చిన్న డాక్టరులకే అది విడువబడెను. ఆసుపత్రిలో మిక్కిలి కష్టమైన నిర్ణయము లన్నియు జరుగుచోట మిక్కిలి తక్కువ అనుభవముగలవారిని నిలుపుట యనెడి ఈ విపరీతము మనదేశమునకే ప్రత్యేకము కాదు. ఇంగ్లండులోని లీడ్సు నగరమున 1952లో మారిస్ ఎల్లిస్ ఆ గదికే పూర్తికాలపు పెద్ద వైద్యుడుగా నియమితుడగువఱకు అక్కడి స్థితియు నిట్లే యుండెను. అమెరికాలో 1961లో అలెగ్జాండ్రియా యను ఊర జేమ్స్ మిల్సును మఱి ముగ్గురు వైద్యులును తమ స్వంత ప్రాక్టీసులను మాని, రాత్రింబగళ్లు ఆ విభాగమునందే పనిచేయ నిశ్చయించిరి. 1966లో బెల్‌ఫాస్టునందు ఫ్రాంక్ పాంట్రిడ్జి హృద్రోగి వచ్చువఱకు వేచియుండక, హృదయమునకు విద్యుదాఘాత మిచ్చు యంత్రమును బండిలో నెక్కించి రోగి యింటికే పంపెను. తుదకు 1979లో అమెరికాలో అత్యవసర వైద్యము ప్రత్యేకశాస్త్రముగా అంగీకరింపబడెను.

ఈ చరిత్రమున మనము ముఖ్యముగా నేర్వవలసిన ఘట్టము అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జరిగినది. ఆ నగరమున పోలీసులే తమ వ్యానులలో రోగులను మోసికొనిపోవుచుండిరి. దారిలో చికిత్స యనునది లేదు. కృత్రిమశ్వాసవిద్యకు ప్రసిద్ధుడైన పీటర్ సఫార్ అక్కడి వైద్యుడు. 1966లో ఆయన కూతురు ఉబ్బసముచే మరణించెను. ఆ దుఃఖమును ఆయన పనిగా మార్చెను. 1967లో హిల్ డిస్ట్రిక్టు అను పేదపేటనుండి, ఉద్యోగములకు పనికిరారని లోకము త్రోసివేసిన నల్లజాతి యువకులను తెచ్చి, శరీరశాస్త్రము మొదలు ప్రసవము వఱకు నేర్పి, ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు నడుపనిచ్చిరి. వైద్యుడు కాని మనుష్యుడు దారిలో ప్రాణము నిలుపగలడని వారు లోకమునకు చూపిరి. 1974 ప్రాంతమున వారికి వైద్యాధికారిణిగా వచ్చిన నాన్సీ కరోలిన్ ఆ యనుభవమునుండి పాఠ్యగ్రంథము రచించెను. అది దేశమంతట అంబులెన్సువిద్యకు పునాది యయ్యెను. అయినను 1975లో నగరపాలకులు తమ సొంత అంబులెన్సుశాఖను పెట్టి ఫ్రీడమ్ హౌసును మూసివేసిరి. విద్యను కల్పించినవారిలో పెక్కుమంది క్రొత్త శాఖలో క్రమముగా ప్రక్కకు నెట్టబడిరి. విద్య నిలిచినది, దానిని నిలిపినవారు నిలువలేదు. సేవను పుచ్చుకొని సేవకుని విడిచిపెట్టుట కిది చాలిన నిదర్శనము.

ఇక మనదేశమునకు వత్తము. ఇక్కడ మొదటి అడ్డంకి వైద్యజ్ఞానపు కొఱత కాదు, భయము. మోటారు తగిలి పడియున్న స్కూటరువానిని ఒక దయాళువు ఆసుపత్రికి తెచ్చెను. పోలీసుకేసులు చూచు అధికారము తమకు లేదని అక్కడివారు దూరమున నున్న మఱియొక ఆసుపత్రికి పంపిరి. దారిలోనే అతడు మరణించెను. ఈ వార్తను చదివిన పరమానంద కటారా యను న్యాయవాది సుప్రీముకోర్టుకు పోగా, 1989లో తీర్పు వెలువడెను. ప్రాణము కాపాడుట మొదటి ధర్మమనియు, పోలీసు లాంఛనములు ఆ తరువాతనే యనియు, ఈ విధి ప్రభుత్వవైద్యునికిని ప్రయివేటువైద్యునికిని సమానమనియు న్యాయస్థానము చెప్పెను. గాయపడినవానిని తెచ్చినవారిని వేధింపరాదను నియమములకు 2016లో అదే కోర్టు బలమిచ్చెను. 2019లో మోటారువాహనముల చట్టమునందు ఆ రక్షణ చేర్పబడెను. జహీరాబాదు రహదారిప్రక్కన చాయదుకాణము పెట్టుకొన్నవాడు గాయపడినవానిని లేవనెత్తుటకు నేడు భయపడనక్కఱలేదు. ఈ సంగతి ఇంటింట తెలియవలెను.

2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 సేవ ఆరంభమయ్యెను. సత్యం కంపెనీ స్థాపకుడు రామలింగరాజు నెలకొల్పిన ఎమర్జెన్సీ మేనేజ్‌మెంటు అండ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూటు దీనిని ప్రారంభించెను. ఒకే నంబరు, రుసుము లేని పిలుపు, రుసుము లేని బండి. పిమ్మట ప్రభుత్వము వ్యయమును వహించుటతో అది పల్లెలకు ప్రాకెను. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసము బయటపడినపుడు ఈ సేవయు కూలునేమో యని భయపడినవారు కలరు, జి.వి.కె. సంస్థ ఆ యేడు దాని భారమును వహించినందున బండ్లు ఆగలేదు. ఆ తరువాత ఈ పద్ధతి పెక్కు రాష్ట్రములకు వ్యాపించెను. మన తెలుగునాట పుట్టి దేశమంతట ప్రాకిన సంస్థలలో దీనిని ముందుగా చెప్పవచ్చును.

ఈ బండిని పిలుచువారిలో అన్నింటికంటె పెద్దభాగము రహదారి ప్రమాదములది కాదు, గర్భిణీస్త్రీలది. నొప్పులు పడుచున్న పేదయిల్లాలిని ఎడ్లబండిలోనో, మంచముమీదనో మోసికొనిపోవు కాలమును ఎఱిగినవారికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. దారిలోనే ప్రసవమైనచో ఆ టెక్నీషియనే మంత్రసాని, ఆ బండియే పురిటిగది.

ఆ టెక్నీషియను ఎవరు? సాధారణముగా విజ్ఞానశాస్త్రములలో పట్టము పొంది, కొన్ని వారముల శిక్షణతో బండి యెక్కిన యువకుడో, యువతియో. కేంద్రకార్యాలయమునందలి డాక్టరు టెలిఫోనులో చెప్పు సలహా అతనికి తోడు. ఇంతకంటె లోతైన విద్య కావలెనని, 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయపు వైద్యుల తోడ్పాటుతో హైదరాబాదు సంస్థయందు రెండేండ్ల పారామెడిక్ విద్య నారంభించిరి. విద్య వచ్చినది. దానివెంట రావలసిన మెట్లు మాత్రము రాలేదు. సేవను నడుపు భారము కాంట్రాక్టుగా సంస్థనుండి సంస్థకు మాఱుచుండును. ఆంధ్రప్రదేశమున 2020లో క్రొత్తబండ్లతోపాటు నిర్వాహకులును మాఱిరి. యజమాని మాఱినపుడెల్ల పనివాని అనుభవపు లెక్క మొదటికి వచ్చునేమో యను భయము వెన్నాడుచుండును. రెండు రాష్ట్రములలోను 108 సిబ్బంది జీతము, పనిగంటలు, ఉద్యోగభద్రత యనువానికై పలుమార్లు సమ్మెకు దిగిరి. బండి రాలేదని మనము కోపించిన దినములలో ఈ సంగతిని విచారించినవా రెందఱు?

డాక్టరుల స్థితియు దీనికి మిక్కిలి భిన్నము కాదు. భారత వైద్యమండలి అత్యవసర వైద్యమును ప్రత్యేకశాస్త్రముగా గుర్తించినది 2009లో. 108 నంబరు వచ్చిన నాలుగేండ్లకు గాని ఆసుపత్రి ద్వారమున ఆ బండి నెదుర్కొను వైద్యునికి తన విద్యపేరుతో పట్టము దొరకలేదన్నమాట! అంతకుముందు ఈ పనియందు మనసుపడినవారు గుర్తింపులేని శిక్షణలు పొందియో, పరదేశముల పరీక్షలు వ్రాసియో తమ దారి తామే వేసికొనిరి. నేటికిని బ్రిటనులోని అత్యవసర వైద్యుల రాయల్ కాలేజీ పరీక్షలు వ్రాసి అక్కడకు పోవు తెలుగు యువవైద్యులు కలరు. వారిని దేశద్రోహులని నిందించుట సులభము. ఇక్కడ వారికి మనమేమి చూపితిమని అడుగుకొనుట కష్టము.

ఇంకొక భయమును గూర్చియు చెప్పకతప్పదు. రోగి మరణించినపుడు బంధువుల ఆగ్రహము మొదట పడునది ఎదుటనున్న చిన్న డాక్టరుపైనను, నర్సుపైనను. సమష్టి ఆంధ్రప్రదేశమున 2008లోనే వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును శిక్షించు చట్టము వచ్చినది. చట్టము వచ్చియు దాడులు ఆగలేదు. 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రియొక దానిలో రాత్రివిధిలో నున్న యువవైద్యురాలు దారుణముగా హత్యచేయబడగా, హైదరాబాదుతో సహా దేశమంతటను వైద్యులు విధులు మాని వీధికెక్కిరి. కూతురిని రాత్రిపనికి పంపుటకు తల్లిదండ్రులు జంకుటలో ఆశ్చర్యమేమి? ఆ జంకును పోగొట్టు ఉపాయము మాత్రము ఆడపిల్లను ఇంట కూర్చుండబెట్టుట కాదు. ఆమె విశ్రమించు గదికి గడియయు, నడచు దారికి దీపమును, ద్వారమునకు కాపలాయు పెట్టించుట.

ఒకప్పుడు నర్సుపని గౌరవకుటుంబముల ఆడువారికి తగదని ఇంగ్లండులోనే తలచిరి. ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండనున శిక్షణశాల స్థాపించి, ఆ పనికి పాఠము, పరీక్ష, నియమము కల్పించినపిమ్మట లోకాభిప్రాయము మాఱెను. మాఱినది పని కాదు, దాని హోదా. మనదేశమున 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము అంబులెన్సు పారామెడిక్కును వృత్తిపరుల పట్టికలో చేర్చినది. పేరు దొరకినది, మొదటి ప్రశ్నకు సమాధానము వచ్చినది. అధికారము, అభివృద్ధి యను తక్కిన రెండును మిగిలియున్నవి. టెక్నీషియను తన విద్యనుబట్టి ఏ మందు ఏ స్థితిలో తానే యియ్యవచ్చునో నిశ్చితముగా తెలిసియుండవలెను. పదియేండ్లు బండిలో పనిచేసినవానికి శిక్షకుడుగనో, పర్యవేక్షకుడుగనో, ఆసుపత్రి విభాగమున ఉద్యోగిగనో పోవుటకు దారి యుండవలెను. నడుము వంగిన పిమ్మట స్ట్రెచరు మోయలేనివాని యనుభవమంతయు వీధిపాలగుట సంఘమునకే నష్టము.

ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులని చదువరు లనవచ్చును. నిజమే, కాని ప్రభుత్వము మనము అడిగినదానినే చేయును. ఎన్నికలవేళ మన వీధికి వచ్చువారు క్రొత్తబండ్ల లెక్క చెప్పుదురు, ఏలయన మనము బండ్ల లెక్కనే అడుగుచున్నాము. ఆ బండిలోని మనుష్యునికి ఎంత విద్య, ఎన్ని గంటల పని, ఎంతకాలపు ఉద్యోగమని ఇకమీద అడుగుదము. ఇంటిలోని పెద్దపిల్లలకు ఊపిరి ఆగినవానికి చేయు ప్రథమచికిత్సను నేర్పింతము. దానిని నేర్చినవాడు ఆ వృత్తియొక్క కష్టమును తానే గ్రహించును. అన్నింటికంటె ముందు, ఆసుపత్రినుండి మనవారిని ఇంటికి తెచ్చుకొను దినమున, ద్వారముకడ మొదట ఎదురువచ్చినవారి పేరు అడిగి తెలిసికొందము.